కొలతలు లేని ప్రాంతంలో సౌరశక్తి అంచనా: ఉపగ్రహ దత్తాంశం ఒక్కటే చాలునా?

ఆకాశదీపం:
సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రం దరిదాపుల్లో లేని చోట సౌర విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు, ముందుగా ఏడాదిపాటు కొలతలు తీసుకోవాలనడం కాలహరణమని నా అభిప్రాయం. ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కగట్టిన ఎన్నో ఏళ్ల దత్తాంశం ఉంది. ఏ చోట ఎంత సౌరశక్తి అందుతుందో చూపే, ప్రపంచ బ్యాంకు ఉచితంగా అందించే గ్లోబల్ సోలార్ అట్లాస్ ఉంది. ఒక్క ఏడాది కొలత ఆ ఏటి మబ్బుల సంగతే చెబుతుంది కదా!

తులాదండం:
ఒక్క ఏడాది చాలదన్నది నిజమే. అయితే ఆకాశదీపం గారూ, మీరు రెండు వేర్వేరు దోషాలను ఒకే గాటన కట్టారు. ఏటేటా మారే మబ్బుల తేడా దీర్ఘకాల సగటులో సర్దుకుంటుంది. కానీ ఉపగ్రహ చిత్రాల నుంచి వికిరణాన్ని లెక్కగట్టే పద్ధతి ఒకచోట గాలిలోని ధూళిని ఎప్పుడూ తక్కువగా లెక్కిస్తుంటే, ఆ పొరపాటు ప్రతి ఏడూ ఒకే దిశలో ఉంటుంది కనుక, ముప్పై ఏళ్ల సగటు తీసినా తరగదు. నేల మీది కొలత అవసరమయ్యేది ఇక్కడే. రెండింటినీ అదే కాలానికి పోల్చి, తేలిన తేడాతో పాత ఉపగ్రహ దత్తాంశాన్నంతటినీ సవరించవచ్చు. అద్దాలతో ఎండను కేంద్రీకరించే ప్లాంట్లకు ఇది మరీ ముఖ్యం. ధూళి చెదరగొట్టిన వెలుగులో కొంత మామూలు పలకలకు అందుతుంది గానీ, ఆ అద్దాలకు పనికిరాదు.

సూర్యరేఖ:
నేల మీద సౌర వికిరణాన్ని కొలిచే పరికరమైన పైరనోమీటరుకు డబ్బు లేనిచోట, ఎండ కాసిన గంటల నమోదుతో సరిపెట్టలేమా? ఆంగ్‌స్ట్రామ్ 1924లో ప్రతిపాదించగా ప్రెస్కాట్ 1940లో సవరించిన, ఎండ గంటల నుంచి వికిరణాన్ని లెక్కగట్టే సూత్రం ఉంది కదా.

తులాదండం:
సరిచూసుకోవడానికి తప్పక పనికొస్తుంది. కానీ స్థానిక కొలతలు లేనప్పుడు ఆ సూత్రంలో వాడే 0.25, 0.50 గుణకాల ప్రకారం, వాతావరణం పైభాగాన్ని చేరిన వికిరణంలో పూర్తిగా మబ్బు పట్టిన రోజున నాలుగో వంతు, నిర్మలమైన రోజున నాలుగింట మూడు వంతులు నేలకు చేరాలి. ఎత్తైన ప్రదేశంలో గాలి పలచన కనుక అంతకన్నా ఎక్కువే చేరవచ్చు. ఇంకొక మాట: పైనున్న గాజు గుమ్మటం తుడవని పైరనోమీటరు తక్కువ చూపిస్తుంది, దానితో సవరిస్తే సరైన ఉపగ్రహ దత్తాంశమూ చెడుతుంది. శుభ్రం చేసే మనిషిని నియమించలేనప్పుడు పరికరం పెట్టకపోవడమే మేలని నా గట్టి నమ్మకం.

ఆకాశదీపం:
దోషం దిశ గురించిన వాదనను అంగీకరిస్తున్నాను. అయినా ఇంటి కప్పు మీది చిన్న ఏర్పాటుకు ఉపగ్రహ అంచనా చాలునన్న మాట మీదే ఉన్నాను. పెద్ద కేంద్రాల విషయంలో మాత్రం, భూమి, అనుమతుల పనులు సాగే కాలంలోనే కొలతలూ మొదలుపెడితే నా అభ్యంతరం తొలగిపోతుంది.