ఫ్యూన్ వెన్‌కి రాళ్ల బాట వేయాలా, వద్దా?

గ్లాస్గో గోదారోడు:
మొన్న శనివారం స్కాట్లండ్ హైలాండ్స్‌లో ఫ్యూన్ వెన్ ఎక్కాను. ఇన్వర్‌నెస్ నుంచి కైల్ వెళ్లే రైలెక్కి అక్నషీన్‌లో దిగితే ఊరి వెనకే కొండ. ఎత్తు 933 మీటర్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మనిషి ఎదురైతే ఒట్టు. అది బాగుంది. కానీ వాగు పక్కన పైకెళ్లాక అంతా దమ్ము చేసిన మడే! ఒకచోట కాలు మోకాలి దాకా దిగబడింది. లాగితే మేజోడుతో కాలు వచ్చింది, బూటు రాలేదు. బోర్లా పడుకుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసుకున్నాను. స్కాట్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ బెన్ నెవిస్‌కి రాళ్ల బాట ఉందిగా, దీనికెందుకు వేయరు?

ఎడిన్‌బరో పిన్ని:
వద్దు బాబూ. బురద, బోరు అని అందరూ తిట్టుకుంటారు గనకే ఆ కొండ అంత ప్రశాంతంగా ఉంది. బాట వేస్తే నీకు నచ్చిన ఆ ఏకాంతమే పోతుంది. అసలు నువ్వు లేతపచ్చ నాచు మీద కాలేసి ఉంటావు. అది స్పంజి లాంటిది, కింద నీళ్లే. తెల్ల దూది కుచ్చుల్లా గడ్డి పూసినచోటా అంతే. ఊదా రంగు పూల హెదర్ పొదలున్న చోట నేల కాస్త గట్టిగా ఉంటుంది.

అబర్డీన్ ఇంజినీర్:
పిన్నిగారూ, బాట లేకపోతే నేల బాగుంటుందనుకోవడం పొరపాటండీ. బురద తప్పించుకోడానికి ఒకడు ఎడమకి పోతాడు, ఇంకొకడు కుడికి. అడుగు వెడల్పున్న జాడ పదడుగులవుతుంది. ఇక్కడిది పీట్ నేల, అంటే సగం కుళ్లిన నాచు, గడ్డి పేరుకుని తయారైనది. అది ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. గోదారోడి కాలు దిగిన అర మీటరు పేరుకోడానికి 500 ఏళ్లు!

ఎడిన్‌బరో పిన్ని:
అలా పాడయ్యేది జనం విరగబడే చోట. ఇక్కడ శనివారం కూడా ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడి బూటు కోసం హెలికాప్టర్‌లో రాళ్లు దింపాలా?

అబర్డీన్ ఇంజినీర్:
హహ, అది నిజమే. కానీ ఇది మన్రోల్లో ఒకటి, అంటే స్కాట్లండ్‌లో 3,000 అడుగులు దాటిన 282 కొండల లిస్టులోది. ఆ లిస్టులోవన్నీ ఎక్కాలని పట్టుబట్టేవాళ్లు నచ్చినా నచ్చకపోయినా ఒకసారి ఎక్కాల్సిందే. కొండంతా అక్కర్లేదు, మరీ నలిగిన నాలుగు చోట్ల పలకరాళ్లు పరిస్తే చాలంటాను.

ఎడిన్‌బరో పిన్ని:
నాలుగు చోట్లతో మొదలై శిఖరం దాకా పోతుంది నాయనా. నేనొప్పుకోను.

గోదారోడు:
నేనింకా ఇంజినీర్ అన్న పక్షమే. బూటు ఇప్పటికీ ఆరలేదు. కానీ పైనుంచి ఫానిక్ సరస్సు పొగమంచులో సగమే కనబడింది, మళ్లీ వెళ్లక తప్పదు. పిన్నిగారూ, ఆ పచ్చ నాచు సంగతి వారం ముందు చెప్పకూడదూ?