సమస్యాపూరణం: “తెల్లనైన మాట నల్లనయ్యె”

నిర్వాహకులు (రాజమహేంద్రవరం):

ఇచ్చిన పాదానికి మిగతా పాదాలు కట్టి పద్యం పూర్తి చేయడమే పూరణ. ఛందస్సు ఆటవెలది, సమస్య నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, ఇక్కడ అన్నీ గురువు (బరువు అక్షరం) వెంట లఘువు (తేలిక అక్షరం) ఉన్న హగణాలు: తెల్ల, నైన, మాట, నల్ల, నయ్యె. యతి స్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన నాలుగో గణం మొదట, తెల్ల–నల్ల ప్రాసయతి (రెండో అక్షరాల కలయిక) చెల్లింది. తెలుపు పునాదిగా ఉన్న ఇంగ్లీషు మాటతోనే పూరించాలని నియమం.

ముడిసరుకు కొంత ఇస్తున్నాం. లాటిన్ వాళ్లకు తెలుపు రెండు రకాలు. ‘ఆల్బుస్’ సున్నం కొట్టిన గోడలా మెరుపు లేని తెలుపు, ‘కాందిదుస్’ తళతళలాడే తెలుపు. మొదటి దాన్నుంచి ఆల్బమ్, ఆల్బుమిన్ (గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్) వచ్చాయి. రెండో దాన్నుంచి క్యాండిడేట్, క్యాండిడ్ వచ్చాయి. క్యాండిల్‌దీ ఆ వెలుగే. గ్రీకు ‘ల్యూకోస్’ ల్యుకీమియాలో ఉంది. ఇంగ్లీషు వాళ్ల సొంత తెలుపు ‘వైట్’కి గోధుమ పేరు ‘వీట్’ చుట్టం. పిండి తెల్లన కదా! మన తెలియడం, తెలివి, తెల్లవారడం కూడా తెలుపుతో ఒక్క మొదలే. క్యాండిడ్ అంటే దాపరికం లేనిదని వాళ్లంటే, మనం ‘తెల్లము’ అంటాం.

గణాల జాగ్రత్త ఒకటి. ‘ఆల్బమ్’ అని పొల్లుతో ఉంచితే రెండు గురువులై ఆటవెలదికి పనికొచ్చే ఏ గణమూ కాదు. ‘ఆల్బము’ అంటే భగణం (గురువు వెంట రెండు లఘువులు), ఇంద్రగణాల చోట సరిపోతుంది. ‘క్యాండిడేటు’ రెండు హగణాలు, సూర్యగణాల చోట హాయిగా కూర్చుంటుంది. ‘ల్యుకీమియా’ లఘువు వెంట గురువుతో మొదలవుతుంది, కాబట్టి ఇక్కడ ఏ గణానికీ తలగా నిలవదు.

అమలాపురం సభ్యులు:

మండు మంట వెలుగు మాటకు మూలమై
కాలి బొగ్గు గాగఁ గదియె నలుపు
ఆంగ్ల భాష లోన నగ్గి చేసిన వింత
తెల్లనైన మాట నల్లనయ్యె

తణుకు సభ్యులు:

‘బ్లాక్’ మాట మీద ఎత్తుగడ చాలా బాగుందండీ. పాత ఇంగ్లీషులో ‘బ్లాక్’ని దీర్ఘంతో పలికితే పాలిపోయిన తెలుపు, హ్రస్వంతో పలికితే నలుపు. మధ్య యుగపు రాతల్లో రెండూ ఒకే అక్షరాల్లోకి వచ్చి, ఏది తెలుపో ఏది నలుపో చాలా చోట్ల తేలదు. తెలుపు వైపు నుంచి బ్లీచ్, బ్లీక్ మిగిలాయి. రెంటికీ మూలంలో వెలగడం, మండడం ఉన్నాయి. మంట తెల్లన, మిగిలిన బొగ్గు నల్లన.

లోపం మొదటి పాదంలో ఉంది. మండు, మంట, వెలుగు మూడూ ఒక్కటే చెబుతున్నాయి, తెలుపు మాత్రం ఎక్కడా లేదు. “మంట తెలుపు వెలుగు మాటకు మూలమై” అంటే యతి చెడదు, సమస్యలోని ‘తెల్లనైన’కు ఆధారమూ దొరుకుతుంది.

రాజోలు సభ్యులు:

సున్న మలఁది గోడ సొగసు దిద్దెడు పల్కు
మట్టి పూఁత కిపుడు మారుపేరు
డాబు చెప్పు కథను డాసి విన్నంతనే
తెల్లనైన మాట నల్లనయ్యె

నిర్వాహకులు:

ఎవరికీ తట్టని మాట పట్టారు. లాటిన్‌లో ‘దెఅల్బారె’ అంటే తెల్లగా సున్నం కొట్టడం. ఫ్రెంచి నోట నలిగి ‘డాబ్’ అయి ఇంగ్లీషుకు చేరేసరికి తడికకు మట్టి మెత్తడం దాని పని అయింది. మన తాటాకింటి గోడకు ముందు వెదురు తడిక మీద జిగురుమట్టి, పేడ, తరిగిన వరిగడ్డి కలిపి మెత్తుతాం. గడ్డి తక్కువైతే ఆరేటప్పుడు బీటలు తీస్తుంది. అది బాగా ఆరాకే పైన సున్నం. ఈ మాట మాత్రం సున్నం దగ్గర బయల్దేరి మట్టికి వచ్చింది, అంటే గోడ కట్టే వరసకు ఎదురు నడిచింది.

రెండు సవరణలు. ‘డాబు’ అనగానే తెలుగువాడికి ఆడంబరమే తోస్తుంది, శీర్షికలో ఇంగ్లీషు మాట అని ముందే చెప్పండి. మట్టి నల్లనని పద్యంలో లేదు, గోదారి ఒండ్రు అన్ని చోట్లా నలుపు కాదు. రెండో పాదం “నల్లమట్టి పూఁత నామ మయ్యె” అంటే సమస్య బిగుస్తుంది.

భీమవరం సభ్యులు:

సుద్ద పూసినట్టి శుభ్ర వస్త్రము తోడ
రోము వీథి నోటు కొఱకుఁ దిరిగె
ధనము పంచి పదవి దక్కించుకొన నాఁడె
తెల్లనైన మాట నల్లనయ్యె

అమలాపురం సభ్యులు:

రెండో పాదంలో యతి తప్పింది. గణాలు సరే, రో–కొ కుదరవు. “ఓటు కొఱకు రోము నొకఁడు తిరిగె” అనండి, ఓ–ఒ చెల్లుతుంది. విషయం గట్టిది. రోములో పదవికి నిలబడేవాడు అంగీపై సుద్ద రాయించుకుని తెల్లగా తిరిగేవాడు, అందుకే క్యాండిడేట్. ఓట్లకోసం అలా చుట్టూ తిరగడమే ‘యాంబిషన్’. మరి క్యాండిడేట్ అర్థం నేటికీ చెడలేదు కదా అని అడగవచ్చు. ఇక్కడ ‘మాట’ అంటే పదం కాదు, అభ్యర్థి ఇచ్చిన మాట. ఆ శ్లేషే పద్యాన్ని కాచింది.

పాలకొల్లు సభ్యులు:

పలక కున్న తెలుపు పదమయ్యె నాల్బము
నల్ల యట్ట మీఁద నాల్గు వరుస
పెండ్లి బొమ్మ లతుక పేరు మాత్రము నిల్చె
తెల్లనైన మాట నల్లనయ్యె

నిర్వాహకులు:

ఈసారి మా ఓటు దీనికే. రోమన్లు ప్రకటనలు రాసిపెట్టే తెల్లని పలక ‘ఆల్బుమ్’. పాత పెళ్లి ఆల్బమ్ తెరిస్తే నల్ల అట్ట, నాలుగు మూలల్లో ఫోటోను పట్టే కాగితపు తొడుగులు, మధ్యన సాలెగూటి గీతల పల్చని కాగితం. తెల్ల అంచు ఫోటో నల్ల అట్ట మీదే ఎత్తుగా కనిపిస్తుంది. పూరణలో నలుపు ఊహ కాదు, చేతితో తాకవచ్చు.

‘ఆబర్న్’తో వచ్చిన రెండు పూరణలను పక్కన పెట్టాం. మొదట తెల్లనిదనే అర్థమున్న ఆ మాట, గోధుమరంగు పేరు ‘బ్రౌన్’ పాత రూపంతో ధ్వని కలిసి ఎరుపు తిరిగిన గోధుమరంగు జుట్టుకు పేరైంది. అది నలుపు కాదు గనుక ఈ సమస్యకు అతకదు. దానికోసమే వచ్చేవారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

“నెరసి నెరసి జుట్టు నిగ్గుఁ దేఱె”