అప్‌డేట్: మా తమ్ముడి హోంలో గ్రిల్ తాళం సంగతి

అమలాపురం దగ్గర మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్ల హోంలో మా తమ్ముడు ఉంటాడని, రాత్రిళ్లు మెట్ల గ్రిల్‌కు తాళం వేస్తున్నారని, అలా వేయొచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే నిర్వాహకులతో మాట్లాడాను.

"తాళం తీస్తే కాలువ వైపు వెళ్లిపోతారండీ" అన్నారు. ఆ భయం నిజమే, కాలువ గోడ పక్కనే ఉంది. కానీ 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయారు. 2016 జాతీయ భవన నియమావళి ప్రకారం బయటికి వెళ్లే తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. ఈ రెండూ కాగితం మీద రాసిచ్చాక ఒప్పుకున్నారు. ఇప్పుడు తాళం బదులు లోపలివైపు గడియ, అది తీయగానే మోగే బెల్ పెట్టారు. రాత్రి డ్యూటీకి ఒక మనిషిని వేశారు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఫైర్ డ్రిల్, అంటే మంటలొస్తే ఎలా బయటపడాలో చేయించే ప్రాక్టీసు. సైరన్ మోగగానే మావాడు చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోయాడు. నిజంగా పొగ వచ్చి ఉంటే అక్కడే ఉండిపోయేవాడు! అందుకే ఇప్పుడు ముందు బెల్ చిన్నగా మోగించి, ఆయమ్మ చెయ్యి పట్టుకుని "పద నాన్నా, బయటికెళ్దాం" అంటూ రోజూ అదే దారిలో నడిపిస్తోంది. మెల్లగా అలవాటు పడుతున్నాడు.

మీవాళ్లెవరైనా ఇలాంటి హోంలో ఉంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో తప్పకుండా అడగండి. మాకు ఇంకా వీల్‌చైర్ ర్యాంప్ మిగిలింది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలని మేస్త్రీకి చెప్పాం, వచ్చే వారం పని మొదలు.