తీసేసిన వైరస్ మర్నాటికి మళ్లీ వస్తోంది: ఆఫీసు నెట్‌వర్క్‌లో మూలాన్ని పట్టుకోవడం ఎలా?

చీమకుర్తి_లెక్కలు:
మాది గ్రానైట్ పలకలు కోసి పాలిష్ చేసే చిన్న యూనిట్. కంప్యూటర్లన్నీ ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు కలిపి ఉన్నాయి. ట్యాలీ డేటా, బిల్లులు, ఎగుమతి కాగితాల స్కాన్ కాపీలు ఒక కంప్యూటర్లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటాయి. కొంతకాలంగా ప్రతి ఉదయం అందులో వైరస్ దొరికిందనీ, తొలగించాననీ యాంటీవైరస్ చెబుతోంది. మర్నాడు అదే పేరుతో మళ్లీ దొరుకుతోంది. కొన్ని ఫోల్డర్లు మాయమై వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు మిగిలాయి. ఆఫీసులో ఏ కంప్యూటర్‌ను స్కాన్ చేసినా ఏమీ లేదంటోంది. అన్నీ ఫార్మాట్ చేయాలని మెకానిక్ అంటున్నారు. జీఎస్టీ గడువు దగ్గరపడింది కనుక వేరే దారి ఉంటే చెప్పగలరు.

ఒంగోలు_సర్వీసు:
ఫార్మాట్‌కు తొందరపడకండి. మూలం దొరకకుండా ఎన్నిటిని ఫార్మాట్ చేసినా నెట్‌వర్క్‌కు కలిపిన గంటలోనే కథ మొదటికి వస్తుంది. హెచ్చరిక ఫైలు ఎక్కడ పడిందో చెబుతుంది గానీ, ఎవరు పడేశారో చెప్పదు. షేర్డ్ ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో ‘కంప్యూటర్ మేనేజ్‌మెంట్’ తెరిచి, ‘షేర్డ్ ఫోల్డర్స్’ కింద ‘సెషన్స్’ చూస్తే, ఆ క్షణాన ఏ కంప్యూటర్లు దానికి కలిసి ఉన్నాయో పేరుతోనో ఐపీ అడ్రసుతోనో (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే నంబరు) కనిపిస్తుంది. హెచ్చరిక వచ్చే వేళకు దాన్ని తెరిచి ఉంచండి. దొరికిన ఫైలు ప్రాపర్టీస్‌లో ఓనర్ పేరు కూడా చూడవచ్చు గానీ, అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే ఆఫీసుల్లో, అంటే మన దగ్గర ముప్పాతిక మువ్వీసం ఆఫీసుల్లో, దానివల్ల పెద్దగా తేలేది ఉండదు. ఈలోగా ఆ షార్ట్‌కట్‌లను ఎవరూ క్లిక్ చేయకూడదు: అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది, వెనకాల వైరస్ కూడా నడుస్తుంది.

కోవూరు_మిల్లు:
మా రైసు మిల్లులో ఇదే జరిగింది, మూలం కాటా గదిలో తేలింది. కాటా కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌పై నడవదన్నారని ఆ కంప్యూటర్‌ను విండోస్ 7తోనే వదిలేశాం. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది. లారీల కాగితాలు తెచ్చే ప్రతి పెన్‌డ్రైవూ దానికే గుచ్చేవారు. లెక్కించేటప్పుడు అది కంప్యూటరన్న సంగతే ఎవరికీ గుర్తుకు రాదు, చీమకుర్తి వారు కూడా ఒకసారి చూసుకోవాలి.

చీమకుర్తి_లెక్కలు:
మీరన్నట్టే అయింది. ఉదయం మొదటి లారీ కాటా ఎక్కే వేళకు సెషన్స్‌లో తెలియని ఐపీ అడ్రసు ఒకటి చేరింది, వెంటనే హెచ్చరిక వచ్చింది. రూటరు జాబితాతో పోల్చి చూస్తే అది కాటా కంప్యూటరే. అందులో యాంటీవైరస్ ఉంది కానీ, ఎప్పుడో ఎవరో డీ డ్రైవ్ మొత్తాన్ని స్కాన్ నుంచి మినహాయించారు. ఇప్పుడు ఏ వరుసలో శుభ్రం చేయాలి?

ఒంగోలు_సర్వీసు:
ముందుగా స్విచ్ నుంచి అన్ని కేబుళ్లూ తీయండి, వైఫై ఆపండి. ప్రతి కంప్యూటర్‌లోనూ మినహాయింపుల జాబితా ఖాళీ చేయండి. దొంగ సాఫ్ట్‌వేర్ నడవడానికి మెకానిక్‌లు పెట్టిపోయేవే అందులో చాలా ఉంటాయి. విండోస్ 10, 11లలో, వాటితోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి; అది విండోస్ పూర్తిగా మొదలుకాకముందే వెతుకుతుంది కనుక దాక్కోవడం కష్టం. దొరికినవాటిని వెంటనే డిలీట్ చేయక కొన్నాళ్లు క్వారంటైన్‌లో, అంటే యాంటీవైరస్ విడిగా బంధించే చోట, ఉంచితే, పొరపాటున పట్టుకున్న పనికొచ్చే ఫైలును వెనక్కి తెచ్చుకోవచ్చు. మాయమైన ఫోల్డర్లు సాధారణంగా పోవు, హిడెన్‌తో పాటు సిస్టమ్ గుర్తు కూడా పడి ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ (attrib) కమాండుతో రెండూ తీసేస్తే బయటపడతాయి. పెన్‌డ్రైవులన్నీ చూశాక ఒక్కొక్క కేబులే కలుపుతూ రండి, కాటా కేబుల్ మాత్రం కలపకండి.

కోవూరు_మిల్లు:
మేము కాటాను నెట్ నుంచి తీసేసి, స్లిప్పుల్లోని తూకాలను ఆఫీసులో చేత్తో ఎక్కిస్తున్నాం. గుమస్తాకు పని పెరిగిన మాట నిజమే.

కందుకూరు_నెట్:
ఫార్మాట్ వద్దన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. షార్ట్‌కట్ వైరస్ వరకైతే సరే. హెచ్చరికలో ట్రోజన్ (మంచి ప్రోగ్రాంలా నటించి లోపలికి వచ్చేది) అనో పాస్‌వర్డులు దొంగిలించే రకమనో ఉంటే, డేటా కాపీ తీసి ఆ ఒక్క కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయడమే మేలు. బ్యాంకు, జీఎస్టీ, మెయిల్ పాస్‌వర్డులను శుభ్రమైన కంప్యూటర్ నుంచే మార్చండి. డబ్బు కదిలినట్లు అనుమానం వస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చీమకుర్తి_లెక్కలు:
హెచ్చరికలో వార్మ్ (తనంతట తానే ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకేది) అనే ఉంది. ఆన్‌లైన్ సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరం, అదే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, రోజంతా గుచ్చే ఉండేది, దాన్నీ మార్చాలా?

కందుకూరు_నెట్:
టోకెన్‌లోని సంతకపు రహస్య కీ బయటికి కాపీ కాదు కనుక మార్చనక్కరలేదు. అయితే పిన్ తెలిసిన వైరస్ ప్రోగ్రాం, టోకెన్ గుచ్చి ఉన్నంతసేపూ దాన్ని వాడుకోగలదు. పిన్ మార్చి, సంతకం అయిన వెంటనే తీసి బీరువాలో పెట్టండి.