ఓడ సోమవారం వచ్చింది, నా కంటైనర్ శనివారం బయటికొచ్చింది. మధ్యలో ఏం జరిగినట్టు?

ప్రశ్న: దిగుమతి వ్యాపారానికి కొత్త. ఓడలు పెద్దవై రవాణా చవకైందంటారు. నా సరుకేమో సముద్రం దాటొచ్చి రేవులో ఐదు రోజులు కూర్చుంది. ఇంకో నాలుగు క్రేన్లు పెట్టుకోవచ్చు కదా?

జవాబు: రేవులో కంటైనర్ డబ్బాలు ఎక్కడ పేర్చాలో చూసే యార్డ్ ప్లానింగ్‌లో పన్నెండేళ్లు చేశానండి. పెద్ద ఓడ లాభమంతా నీళ్ల మీదే. డబ్బాలు ఎన్ని పెరిగినా నడిపేది అదే ఇరవై పాతిక మంది. రేవుకొచ్చాక కథ తిరగబడుతుంది. 2006 నాటి ఎమ్మా మేర్స్క్ అనే ఓడ పొడవు 397 మీటర్లు. 2021లో సూయజ్ కాలువకు అడ్డం పడ్డ ఎవర్ గివెన్ 400. మోసే డబ్బాలు మాత్రం సుమారు 15,000 నుంచి 20,000 దాటాయి (ఇవి ఇరవై అడుగుల డబ్బాల లెక్కలు, నలభై అడుగులదైతే రెండు కింద లెక్క). అంటే ఓడ పెరిగింది వెడల్పుకి, ఎత్తుకి. క్రేన్లు నిలబడేదేమో పొడవు వెంట. మీరడిగిన నాలుగూ ఎక్కడ పెడతారు?

పోనీ దించేశారనుకుందాం. ఒకేసారి వేల డబ్బాలు యార్డ్‌లో పడతాయి, ఐదేసి ఎత్తున పేరుస్తాం. మీది అన్నిటికంటే అడుగున ఉంటే పై నాలుగూ తీసి పక్కన పెట్టాలి. ఆ నాలుగు ఎత్తినందుకు మాకెవరూ పైసా ఇవ్వరు! మీ లారీ రేపు పదింటికి వస్తుందని ముందే తెలిస్తే రాత్రి పని లేనప్పుడు మీ డబ్బా పైకి తెచ్చి ఉంచుతాం. చెప్పకుండా వస్తే లారీ గేటు దగ్గర, డబ్బా అడుగున.

మరో జవాబు: నేను ఓడ వైపు మనిషిని. బెర్త్ (రేవులో ఓడను కట్టే చోటు) ఖాళీ లేదని తెలిసి కూడా పరుగెత్తుకొచ్చి లంగరేసుకుని కూర్చున్న రోజులు బోలెడు. వేగం పదో వంతు తగ్గిస్తే గంటకు కాలే ఇంధనం దాదాపు పావు వంతు మిగులుతుంది. ఫలానా రోజు బెర్త్ ఇస్తామని రేవు ముందే ఖాయంగా చెబితే నెమ్మదిగానే వస్తాం.

అడిగిన వ్యక్తి: డెలివరీ ఆర్డర్ (సరుకు నాకు అప్పగించమనే కాగితం) నేను శుక్రవారం తీసుకున్నాను. లారీ మాట్లాడింది కూడా ఆ సాయంత్రమే. ఐదు రోజుల్లో నాలుగు నా ఖాతాలోవే అన్నమాట.

యార్డ్ ప్లానర్: ఓడ రాకముందే కాగితాలు కదిలించాల్సింది. ఉచితంగా ఇచ్చిన రోజులు దాటితే రుసుము పడుతుంది: డబ్బా రేవులో ఉంటే డెమరేజ్, గేటు దాటాక తిరిగి ఇవ్వకుండా ఉంచుకుంటే డిటెన్షన్. ఇంతకీ ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చేశారా?

అడిగిన వ్యక్తి: అయ్యో, అది గోడౌన్ ముందే ఉంది!