జాతర షార్ట్స్‌కు లక్షలు, మామిడి ధరలకు వందలు: ఛానెల్ ఎవరి కోసం నడపాల?

దామలచెరువు కుర్రోడు:
నాది యూట్యూబ్‌లో మామిడి ఛానెల్. సీజన్లో మండీ ధరలు, కాయ తూకమేసి కొనే ర్యాంపుల దగ్గర క్యూ, గుజ్జు ఫ్యాక్టరీల సంగతులు చెప్తా ఉంటా. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం కిలోకు 12 రూపాయలని ప్రకటించినాక, చేతికి నిజంగా ఎంతొస్తా ఉందో రైతులనే అడిగి పెట్టినా. చూసేది వందల్లోనే. కానీ ఫోన్ చేసి తిట్టేదీ వాళ్లే, తోటకు రమ్మనేదీ వాళ్లే. పోయిన మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వేషాల మీద షార్ట్స్ పెడితే లక్షల్లో చూసినారు, సబ్‌స్క్రైబర్లు ఎగబడినారు. ఇప్పుడు మామిడి వీడియో పెడితే మునుపటంత కూడా పోవడం లేదు. జాతర ఆపేయాల్నా, మామిడి తగ్గించాల్నా?

ఎడిటింగ్ రూమ్, తిరుపతి:
మామిడే తగ్గించు తమ్ముడూ. యాడ్స్ డబ్బులు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటలు చూసుండాల, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. నీ రైతులతో ఆ గంటలు ఎప్పటికి నిండేను? ముందు జనం రానీ, అభిమానం తర్వాత.

హరికథ శ్రోత:
మా ఊళ్లో మహాభారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రికి వీధినాటకం. దుర్యోధన వధ రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ దిగుతాయి. ఎండపూట హరికథకు కూర్చునేది నలుగురు ముసలోళ్లు. అయితే హరికథ చెప్పే భాగవతారు ఒక్క పద్యం ఎగరగొట్టినా పట్టుకునేది ఆ ముసలోళ్లే, వచ్చే ఏడు ఆయన్నే పిలవాలని కమిటీతో కొట్లాడేదీ వాళ్లే. నిన్ను తిట్టే రైతులు ఆ బాపతు.

ఎడిటింగ్ రూమ్, తిరుపతి:
బాగా చెప్పినావు పెద్దాయనా. వధ రోజు జనం వస్తారనే కదా చందాలు పడేది? ఆ డబ్బుతోనే కదా భాగవతారుకు సంభావన?

హరికథ శ్రోత:
చందా వధ చూడొచ్చినోళ్లు వెయ్యరప్పా, ఊరోళ్లు వేస్తారు. రసీదు పుస్తకం పట్టుకుని తిరిగినోణ్ణి, నాకు తెల్దా.

విష్ణునివాసం పక్క టీ కొట్టు:
ఇక్కడ నాకు రోజూ కనపడేది వేరే. తిరుమల సర్వదర్శనం టోకెన్ల మీద పాత వీడియోకే ‘ఈరోజే’ అని కొత్త టైటిల్ తగిలిస్తారు. అది నమ్మి చంటిపిల్లలతో రాత్రంతా బస్సులో వచ్చినోళ్లు, కౌంటర్ మూసుంటే నా కొట్టు ముందర కూలబడతారు. చూసేవాళ్లను ‘మన కుటుంబం’ అని పిలిచేదీ ఆ ఛానెళ్లే. వాటికి వ్యూస్ తగ్గలా. మోసగాణ్ణి ఆల్గోరిథమే పక్కన పెడుతుందనేది వట్టి మాట. నిజం చెప్పేవాడికి జనం వాళ్లంతట వాళ్లే వస్తారనేదీ అంతే. ఆ అబ్బాయి నిజమే చెప్పాల, కానీ వ్యూస్ వస్తాయని మాత్రం ఆశపెట్టొద్దండి.

మదనపల్లె అక్క:
జాతర వల్లే మామిడి పడిందని ఎట్ల తేల్చినావు నాయనా? యూట్యూబ్ ఛానెల్‌ను కట్టగట్టి చూపించదు, ఏ వీడియో ఏ మనిషికి నచ్చుతుందో చూసి పంపిస్తుంది. జాతర చూసి చేరినోళ్లు మామిడిని దాటేసి పోతారు, నిజమే. అసలు ఆగస్టు దాటినాక కాయే లేదు, ధర ఎవురిక్కావాల? యూట్యూబ్ స్టూడియో యాప్‌లో తిరిగొచ్చే ప్రేక్షకుల లెక్క చూడు. ఇంకోటి, లక్షల వ్యూస్ చూసి బెట్టింగ్ యాప్ వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తొద్దు. 2025 కేంద్ర చట్టం కింద డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలే.

దామలచెరువు కుర్రోడు:
చూసినా అక్కా. సీజన్లో తిరిగొచ్చేవాళ్లు అట్లనే ఉండారు, పడింది కాయ అయిపోయినాకే. జాతరకు వేరే ఛానెల్ పెడతా.

ఎడిటింగ్ రూమ్, తిరుపతి:
వేరే ఛానెలంటే మళ్లీ సున్నా నుంచి. వచ్చే మే నెలకు రెండూ నడపలేక ఒకటి మూసేస్తావు, ఏది మూస్తావో నేనిప్పుడే చెప్పగలను.

దామలచెరువు కుర్రోడు:
కావచ్చన్నా. మరి ధర లేని నెలల్లో రైతుకు ఏం చెప్పాల?

హరికథ శ్రోత:
కోత అయినాక తోటలో పనే లేదా? కొమ్మ కత్తిరింపు, ఎరువు, పూత కోసం కల్టార్ మందు పోసేది. చెట్టుకు కల్టార్ ఎంత పోయాలో మా ఊళ్లో సగం మందికి తెల్దు, దుకాణం వాడు చెప్పినంత పోస్తా ఉండారు. ముందు అది తియ్యి.