వారం వారం ఏం చదవాలె? హన్మకొండ పఠన బృందానికి సలహాలు కావాలె

నయీంనగర్ పాఠకుడు:
హన్మకొండల డిగ్రీ పిల్లలు పది పన్నెండు మంది ఆదివారం పొద్దున రెండు గంటలు కలిసి చదువుకుంటున్నరు. రాజకీయాలు, సాహిత్యం, ఆటలు, సినిమా అన్నీ కొంచెం కొంచెం ఉండాలె. రోజూ పేపర్ అందరూ తిరగేస్తరు, కానీ ఆదివారం నాటికి ఏదీ గుర్తుండదు. వారానికి సరిపోయే చదువు ఎట్ల ఎంచుకోవాలె? ఖర్చు తక్కువల అయిపోవాలె.

ఓరుగల్లు కోట:
తమ్మీ, వారానికి ఐదు వ్యాసాలు చాలు. రాజకీయాలకు రెండు, మిగతా మూడింటికి ఒక్కోటి. అంతకంటె ఎక్కువ పెట్టుకుంటే హెడ్డింగులు చదువుడే అయితది.

రాజకీయాలల్ల ఒకటే అంశం తీసుకొని రెండు పేపర్లల్ల చదవాలె. ఏ పేపర్ ఎవరిదో ముందే తెలిసి ఉండాలె. నమస్తే తెలంగాణ బీఆర్‌ఎస్‌కు దగ్గర, వెలుగు కాంగ్రెస్ నేత గడ్డం వివేక్ కుటుంబానిది, నవతెలంగాణ సీపీఎం దిక్కు, సాక్షి జగన్ కుటుంబానిది. ఒకే దిక్కున్న రెండింటిని పక్కపక్కన పెడితే పోల్చనీకె ఏం మిగలదు. ఆ తర్వాత అసలు కాగితం చూడాలె. జీవో గానీ, బిల్లు గానీ, చట్టం గానీ.

కాజీపేట కోచ్ ఫ్యాక్టరీతోని మొదలుపెట్టుండ్రి. విభజన చట్టంల కాజీపేటకు హామీ ఇచ్చిన్రని తరచు రాస్తరు. 2014 చట్టం పదమూడో షెడ్యూల్ తీసి చూడుండ్రి. తెలంగాణల కోచ్ ఫ్యాక్టరీ పెట్టుడు సాధ్యమా కాదా రైల్వే ఆరు నెలలల్ల పరిశీలించి, జల్ది నిర్ణయం తీసుకోవాలె, అంతే ఉంటది. కాజీపేట పేరు లేదు, కడుతమన్న మాట లేదు. 2023 జూలై 8న వరంగల్ల ప్రధాని శంకుస్థాపన చేసిన కాజీపేట రైల్వే తయారీ యూనిట్ గురించి అప్పుడు చెప్పింది వ్యాగన్ల ముచ్చట. కోచ్ అంటే మనుషులెక్కే పెట్టె, వ్యాగన్ అంటే సరుకుల పెట్టె. మన డిమాండ్ న్యాయమైనదే, కానీ ఏ కాగితం మీద నిలబడి అడుగుతున్నమో పిల్లలకు తెల్వాలె. ఈ ఒక్క అంశానికే నలభై నిమిషాలు పెట్టినా తక్కువే.

ఇంగ్లిష్ చదివేటోళ్లుంటే ఈపీడబ్ల్యూ అనే వారపత్రిక సంపాదకీయాలు, చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ వాళ్ల బిల్లుల సారాంశాలు చూపించుండ్రి.

మట్టెవాడ:
సినిమాకు శుక్రవారం మధ్యాహ్నం వచ్చే రివ్యూలు వద్దు, ఆదరాబాదరాగా రాసినవి. వసూళ్ల వార్త పెట్టుకోండి, నేర్చుకోవడానికి చాలా ఉంటుంది. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులో నుంచి జీఎస్టీ, థియేటర్ అద్దె పోగా మిగిలేది షేర్. పోస్టర్ మీద గ్రాస్ వేస్తారు. డిస్ట్రిబ్యూటర్ గట్టెక్కాడా లేదా తెలియాలంటే నైజాం (అంటే తెలంగాణ ఏరియా) హక్కులు ఎంతకు కొన్నాడు, షేర్ ఎంత వచ్చింది అన్నది చూడాలి. ఒక సినిమా గ్రాస్‌ను ఇంకో సినిమా షేర్‌తో పోల్చడం దగ్గరే చర్చలన్నీ దారి తప్పుతాయి. పైగా బయటికొచ్చే అంకెలు ఎవరూ ఆడిట్ చేసినవి కావు, ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి.

సాహిత్యానికి ఆంధ్రజ్యోతి ‘వివిధ’ సోమవారం వస్తుంది. ఆన్‌లైన్‌లో 1998 నుంచి నడుస్తున్న ‘ఈమాట’ పత్రిక ఉచితం, పాత సంచికలు కూడా దొరుకుతాయి. కథను ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు ఫోన్లు పక్కన పెట్టి వినాలి. ఇరవై నిమిషాలు దాటే కథ ఎంచుకోవద్దు.

పర్వతగిరి:
ఆటలంటే క్రికెట్ స్కోర్లే కాదు అన్నా. మన కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల టీ20 విభాగంల కాంస్యం గెలిచింది, 55.82 సెకండ్లు. అదే ఏడు కోబె ప్రపంచ పోటీలల్ల 55.07తోని ప్రపంచ రికార్డు పెట్టింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చదివియ్యుండ్రి. టీ20 అంటే మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగమని, అర్హతకు పరీక్షలుంటయని వార్తలల్ల ఒక్క లైన్ గూడ సరిగ్గ రాయరు. వెతికి చదివితెనే ఆ పరుగు విలువ తెలుస్తది.

నయీంనగర్ పాఠకుడు:
మంచిగ చెప్పిన్రు. పేపర్లు కొనాల్నా? వ్యాసాలు ఎవరు ఎంచాలె?

ఓరుగల్లు కోట:
కొనకుండ్రి. 1904ల పెట్టిన రాజరాజ నరేంద్ర భాషా నిలయం గ్రంథాలయం మీ హన్మకొండలనే ఉన్నది, ఏమేం పేపర్లు వస్తున్నయో పోయి అడుగుండ్రి. ఈ-పేపర్‌ల చూస్తే జిల్లా పేజీలు వేరే తెరవాలె, మెయిన్ ఎడిషన్‌ల మన వార్తలు సగం రావు. క్లిప్ తీసేటప్పుడు పేపర్ పేరు, తేదీ పడాలె. అవి లేని క్లిప్ గ్రూపుల వేస్తే పాత వార్త కొత్తదై తిరుగుతది.

ఎంచుడు వారానికొకరు, వంతుల వారీగ. గురువారం రాత్రికి ఐదు లింకులు గ్రూపుల పడాలె. శనివారం పెడితే ఎవరూ చదివి రారు.